కూల్చకముందే అడగండి: కోటల పక్కన, స్తూపాల పక్కన పాత ఇళ్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి గోడు ఒకటే. ఇల్లు మనది, కాగితాలు మన పేరున ఉన్నాయి, ఇంటిపన్ను కట్టేది మనం. కానీ పక్కన పురావస్తు శాఖ వాళ్ల నీలం బోర్డు ఉంటుంది, దాన్ని చూస్తే పార పట్టాలంటే భయం. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు వదిలి, ఇవే తీసుకున్నాను. పేర్లు వేయొద్దన్నారు, వేయడం లేదు.

ప్రశ్న: మాది ఖిలా వరంగల్, మధ్యకోట. తాతల నాటి భవంతి ఇల్లు, మట్టిగోడలు, మీద గూనపెంకు. మొన్న వానలకు వెనక గోడ కూలింది, ఒక దూలం విరిగింది. ముందటి రెండు అర్రలు మంచిగనే ఉన్నయి. మేస్త్రి ఏమో మొత్తం పీకి పిల్లర్లు లేపి స్లాబ్ పోద్దాం అంటున్నడు. ఇందిరమ్మ ఇల్లు కింద పైసలు కూడా వస్తయని చెప్పిన్రు. మా పక్కాయన కొన్నేండ్ల కింద రెండంతస్తులు కట్టిండు, ఆయనను ఎవరూ అడగలే. మేం కట్టుకుంటే ఏమైతది సార్?

జవాబు: ముందు మేస్త్రికి ఫోన్ చేసి పీకే పని ఆపమనండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

ఎందుకంటే, వెనక గోడ పడినా దూలం విరిగినా మీ ఇల్లు ఈరోజుకి చట్టం దృష్టిలో నిలబడి ఉన్న కట్టడమే, దానికి మరమ్మతు చేసుకుంటామని అడిగే హక్కు మీకుంది. మొత్తం పీకేశారంటే ఆ హక్కు కూడా మట్టితోపాటు ట్రాక్టర్‌లో వెళ్లిపోతుంది. అప్పుడు మిగిలేది కోట పక్కన ఒక ఖాళీ జాగా. అది కోటకు మరీ దగ్గరి నిషేధిత ప్రాంతంలో పడితే, అందులో కొత్తగా ఇటుక పెట్టనిచ్చే దారి చట్టంలో దాదాపు లేదు.

కాస్త వివరంగా చెప్తాను. 1958లో వచ్చిన ప్రాచీన కట్టడాల చట్టం కింద 1992 జూన్ 16న ఒక నోటిఫికేషన్ ఇచ్చారు. కేంద్రం రక్షణలో ఉన్న ఏ కట్టడానికైనా హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, అది దాటాక మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే మొత్తం 300 మీటర్లు. చాలా ఏళ్లు అది కాగితం మీద ఒకలా, నేల మీద ఒకలా నడిచింది. నిషేధిత ప్రాంతంలో కూడా సలహా కమిటీ పేరుతో అనుమతులు ఇస్తూ పోయారు, అలా ఇవ్వడం చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2009లో చెప్పింది, మరుసటి ఏడాది పార్లమెంటు చట్టాన్నే సవరించి ఆ 100, 200 మీటర్లను చట్టంలోకే ఎక్కించేసింది. జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ అని ఒకటి పెట్టింది కూడా అప్పుడే. ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర పెద్ద భవనం కట్టబోయినవాళ్లకు 2012లో సుప్రీంకోర్టులో కూడా చుక్కెదురైంది. డబ్బూ లాయర్లూ ఉన్నవాళ్ల సంగతే అది.

ఇప్పుడు మీకు అసలు పనికొచ్చే ముక్క. ఆ చట్టంలో మూడు పనులకు మూడు వేర్వేరు అర్థాలు రాసుకున్నారు. కొత్త నిర్మాణం అంటే లేనిది కట్టడం, ఉన్నదాన్ని పక్కకో పైకో పెంచడం కూడా అందులోకే వస్తుంది. పునర్నిర్మాణం అంటే ఉన్న ఇంటిని తీసేసి అదే పొడవు, వెడల్పు, ఎత్తుతో మళ్లీ లేపడం. మరమ్మతు అంటే ఉన్న ఇంటిని ఉంచి మార్పులు చేసుకోవడం. నియంత్రిత ప్రాంతంలో అయితే అనుమతితో ఈ మూడూ చేసుకోవచ్చు. నిషేధిత ప్రాంతంలో మూడోది ఒక్కటే, అదీ ఇల్లు 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉంటేనే, లేదా తర్వాత సరైన అనుమతితో కట్టినదైతేనే. "పాత కొలతల్లోనే కడుతున్నాం కదా, ఒక్క అడుగు కూడా జరపలేదు కదా" అనే వాదన చాలామంది నోట వింటాను. ఆ మాట నియంత్రిత ప్రాంతంలో చెల్లుతుంది గానీ 100 మీటర్ల లోపల చెల్లదు.

కాబట్టి మొదటి పని, మీ ఇల్లు ఏ ప్రాంతంలో పడుతుందో తేల్చుకోవడం. ఇక్కడ చాలామంది టేపు పట్టుకుని తోరణం దగ్గర నుంచి కొలుస్తారు. అలా కాదు. రక్షిత ప్రాంతంగా ప్రకటించిన హద్దు ఎక్కడుందో అక్కడి నుంచి కొలవాలి. ఖిలా వరంగల్‌లో రక్షణ అంటే నాలుగు కీర్తి తోరణాలూ ఖుష్ మహల్ మాత్రమే అనుకోకండి, రాతి కోటగోడ ఉంది, దర్వాజలు ఉన్నాయి, అగడ్త ఉంది. హద్దు ఎక్కడుందన్నది ప్రకటించిన మ్యాపును బట్టి ఉంటుంది. వరంగల్‌లోని పురావస్తు సర్వే ఆఫీసుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, మీ ఇంటి నంబరు, సర్వే నంబరు రాసి, ఎంత దూరంలో ఉందో జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసి చెప్పమని అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద ఆ మ్యాపు నకలు అడగండి. ఒకవేళ మీ జాగా రక్షిత ప్రాంతపు హద్దు లోపలే ఉందని తేలితే అది ఇంకా కఠినం, దానికి నిబంధన వేరే, అక్కడ తవ్వడానికి కూడా కేంద్రం అనుమతి కావాలి. అది తెలియకుండా ఎవరిచ్చిన సలహా అయినా గాల్లో మేడే, నాది కూడా.

రెండో పని, ఈరోజే చేయండి, వాన మళ్లీ రాకముందు. ఇంటిని నాలుగు వైపుల నుంచి, లోపల నుంచి ఫోటోలు తీయండి, ముఖ్యంగా ఏం నిలబడి ఉందో కనిపించేలా. కూలిన చోటు ఒక్కటే తీసి పంపిస్తే చూసేవాడికి ఇల్లు లేదనిపిస్తుంది. కార్పొరేషన్ ఇంజినీర్‌ను పిలిచి చూపించి, ఫలానా తేదీన వెనక గోడ పడింది, మిగతాది ఉంది అని రాయించుకోండి. వానకు నష్టం జరిగిందని తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చే అర్జీ నకలు కూడా దాచుకోండి. ఈలోపు దూలాల కింద జాకీలో సర్వీ కట్టెలో పెట్టి కప్పును నిలపండి, టార్పాలిన్ కప్పండి. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే మాత్రం ఆ అర్రలో పడుకోకండి, చట్టం సంగతి తర్వాత.

మూడోది పాత కాగితాలు. 1992కు ముందే ఇల్లుందని మీరే చూపించాలి. ఇంటిపన్ను రసీదులు, కరెంటు మీటరు పెట్టిన నాటి కాగితం, పాత దస్తావేజు, ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు, బ్యాంకులోనో సొసైటీలోనో కుదువబెట్టిన పత్రాలు, ఏదైనా సరే. తాతగారి ట్రంకుపెట్టె దించే సమయం వచ్చిందనుకోండి. ఒక్కటే కాగితం మీద ఆధారపడకండి, రెండు మూడు కలిస్తే బలం.

ఆ తర్వాత దరఖాస్తు. దాన్ని తీసుకునేది కాంపిటెంట్ అథారిటీ అనే అధికారి, పురావస్తు శాఖలో డైరెక్టర్ స్థాయికి తగ్గనివారు. ఆన్‌లైన్లో పెట్టే వీలుంది. చట్టం ప్రకారం ఆయన 15 రోజుల్లో దాన్ని ఢిల్లీలోని ప్రాధికార సంస్థకు పంపాలి, వాళ్లు 2 నెలల్లో తమ అభిప్రాయం చెప్పాలి, చెప్పిన నెలలోపు ఈయన అవునో కాదో తేల్చాలి. కాగితాల్లో కొరత ఉందని తిప్పి పంపితే మాత్రం ఈ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ప్లాను గీయించేటప్పుడు ఉన్న ఇల్లు ఒక రంగులో, బాగుచేసే భాగం ఇంకో రంగులో, ఎత్తు కొలతలతో స్పష్టంగా గీయించండి. దరఖాస్తులో ఎక్కడా "కొత్త ఇల్లు", "కట్టుకొనుటకు" అన్న మాటలు రాయకండి. మీరు అడుగుతున్నది మరమ్మతు. చాలా అర్జీలు ఆ ఒక్క మాట దగ్గరే దెబ్బతింటాయి, రాసిచ్చిన జిరాక్స్ షాపు అబ్బాయికి ఆ తేడా ఏం తెలుసు పాపం.

ఇక మేస్త్రి చెప్పిన స్లాబ్. మట్టిగోడ స్లాబ్ బరువు మోయలేదు, కాబట్టి స్లాబ్ అనగానే పిల్లర్లు, పిల్లర్లు అనగానే పునాది తవ్వకం, ఆ లెక్కన పాత ఇంట్లో మిగిలేదేమీ ఉండదు. చూసే అధికారికి అది మరమ్మతులా కనబడదు, కనబడకూడదు కూడా. పడిన గోడను పాత పునాది రాళ్ల మీదే మళ్లీ లేపి, విరిగిన దూలానికి బదులు టేకుదో ఇనుప గర్డరో పెట్టి, అదే ఎత్తులో పెంకు పరిపించుకుంటామని అడగండి. పెంకు కారుతుందని భయమైతే కింద రేకు పరచుకుంటామని దరఖాస్తులోనే చూపించండి.

ఇంకో మాట, ఇది ఏ అధికారీ చెప్పడు. మట్టిగోడకూ సున్నపు గోడకూ సిమెంటు పూత వేయించకండి. పాత గోడ నేలలోంచి పీల్చిన తడిని ఎండాకాలం బయటికి వదిలేస్తుంది, అలా వదులుతూనే వందేళ్లు నిలబడింది. మీద సిమెంటు పూస్తే ఆ తడి లోపలే ఇరుక్కుపోతుంది, కొన్ని వానాకాలాలకు లోపల మట్టి మెత్తబడి పూత పెచ్చులుగా ఊడుతుంది, ఊడుతూ గోడనూ తీసుకెళ్తుంది. మీ వెనక గోడకు ఎప్పుడైనా సిమెంటు పూయించారా, ఒకసారి గుర్తు చేసుకోండి. సున్నం వాడండి. గానుగ సున్నం పట్టే మనుషులు తగ్గిపోయారు గానీ పూర్తిగా లేకుండా పోలేదు, పాత గుళ్లు బాగుచేసే పనుల్లో ఉన్న మేస్త్రీలను వాకబు చేస్తే దొరుకుతారు. వాన నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా వాలు చేయించడం అన్నిటికంటే చవకైన మరమ్మతు, దాన్నే అందరూ మర్చిపోతారు.

ఇందిరమ్మ ఇంటికి వచ్చే 5 లక్షలు కొత్త ఇంటి కోసం ఇచ్చేవి. మంజూరు పత్రం చేతికొచ్చినంత మాత్రాన పురావస్తు అనుమతి వచ్చినట్టు కాదు, పునాది దాకా కట్టాక నోటీసు వస్తే సగం కట్టిన గోడలూ అప్పూ మీకే మిగులుతాయి. వేరే చోట మీకో మీ ఇంట్లో ఇంకొకరికో జాగా ఉంటే అక్కడికి అడగడం నయం. 75 గజాల్లోపు అయితే పర్మిషన్ అక్కర్లేదు, ఆన్‌లైన్లో రిజిస్టర్ చేస్తే చాలు అని కూడా ఎవరో ఒకరు చెప్తారు. అది మున్సిపల్ పర్మిషన్ గురించి. కోట చుట్టూ ఉన్న 300 మీటర్లకు కేంద్ర చట్టం వర్తిస్తుంది, గజాల లెక్క అక్కడ పనికిరాదు.

పక్కాయన సంగతి. ఆయన్ను అడగలేదంటే ఇప్పటిదాకా అడగలేదని అర్థం, అంతే. నిషేధిత ప్రాంతంలో కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టంలో ఉంది, కట్టింది తీసేయమని ఆదేశించే అధికారమూ ఉంది. కళ్లు మూసుకున్న అధికారికి మూడేళ్ల దాకా శిక్ష అని కూడా రాశారు, దాన్ని ఎంతమంది మీద వాడారో నన్నడగకండి. రేపు ఆయన ఆ ఇల్లు అమ్మబోతే కొనేవాడి లాయరు మొట్టమొదట అడిగేది ఆ పురావస్తు అనుమతి పత్రం, ఎన్‌ఓసీనే.

ఇదంతా న్యాయమేనా అంటే, నా మట్టుకు నాకు పూర్తిగా న్యాయం అనిపించదు. దేశంలో కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలు 3,600కు పైగా ఉన్నాయి. తాజ్‌మహల్‌కీ అదే 100 మీటర్లు, ఏదో రోడ్డు పక్కన దూరం గుర్తుగా నిలబెట్టిన మొఘలుల నాటి కోసు స్తంభానికీ అదే 100 మీటర్లు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన కోట అది, కోట లోపల మనుషులు ఉండటం కొత్తగా వచ్చింది కాదు. ఒక్కో కట్టడానికి దాని తీరును బట్టి వేరుగా ఉపనియమాలు రాయాలని అదే 2010 సవరణలో ఉంది, ఆ పని నత్తనడకన సాగుతోంది. ప్రభుత్వం మటుకు తన రోడ్లూ వంతెనల కోసం నిషేధిత ప్రాంతంలో మినహాయింపు కావాలని సవరణ బిల్లు తెచ్చుకుంది, 2018 జనవరిలో లోక్‌సభలో నెగ్గి రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి వెళ్లింది. గోడ పడిన ఇంటివాడి కోసం అలాంటి బిల్లు ఎవరూ తేలేదు. ఉపనియమాల ముసాయిదా మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు మీ కోటలో ఉన్నవాళ్లంతా కలిసి రాసి పంపండి, విడివిడిగా ఆఫీసుల చుట్టూ తిరిగేకంటే అది మేలు.

ప్రశ్న: నమస్కారమండీ. మాది పాత అమరావతి ఊరు, మహాచైత్యానికి, అదే పాత బౌద్ధ స్తూపానికి, కొంచెం దూరంలో. నియంత్రిత ప్రాంతం అని చెప్తే తిరిగి తిరిగి అనుమతి తెచ్చుకున్నాం. పాత పెంకుటిల్లు తీసేసి పునాది తవ్విస్తుంటే చెక్కిన రాతి ముక్క బయటపడింది, తామరపువ్వు సగం కనిపిస్తోంది. చెప్పారంటే పని ఆగిపోద్దమ్మా, మళ్లీ గుంటలో వేసి కాంక్రీటు పోసేద్దాం అంటున్నారు పనివాళ్లు. మా వారు కూడా అటే మొగ్గుతున్నారు. నాకు మనసొప్పడం లేదు, భయంగానూ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ మనసు చెప్పినట్టే చేయండమ్మా. కాంక్రీటు పోయొద్దు, రాయిని కదపొద్దు, ఆ గుంట వరకు పని ఆపి మిగతా చోట ఇసుకా కంకరా దించుకోండి.

చట్టం చాలా పాతది, 1878 నాటి నిక్షేపాల చట్టం. భూమిలో దాగి ఉన్న విలువైనది ఏది దొరికినా, విలువ పది రూపాయలు దాటితే (అవును, ఆ పది రూపాయలు ఇంకా పదిగానే ఉన్నాయి) దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు, ఈ మూడూ రాయాలి. చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలుంది. ఇది కాక నూరేళ్లు దాటిన శిల్పం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని ఎవరికైనా అమ్మబోవడం 1972 చట్టం కింద ఇంకో పెద్ద తలనొప్పి. ఎవరో ఒకరు బండి వేసుకుని వచ్చి నేను చూసుకుంటానండీ అంటారు, గడప దాటనివ్వకండి. పనివాళ్ల ఫోన్లలో ఫోటో ఇప్పటికే ఊరంతా తిరిగి ఉంటుంది, దాచడం అనేది మీ చేతుల్లో లేదు అసలు.

ఒక కాగితం మీద రాసి తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి, రెండో నకలు మీ ఊళ్లోనే ఉన్న పురావస్తు మ్యూజియంలో ఇవ్వండి. మీ అనుమతి పత్రంలో షరతులు కూడా చదవండి, తవ్వకంలో ఏదైనా బయటపడితే తెలియజేయాలన్న మాట సాధారణంగా అందులో ఉంటుంది. అది పాటించినట్టు మీ దగ్గర రుజువుంటే అనుమతిని తప్పుపట్టే అవకాశం ఉండదు. పని కొన్నాళ్లు ఆగుతుందా అంటే ఆగవచ్చు, దాన్ని నేను తీపి మాటలతో కప్పను. వాళ్లొచ్చి చూసి రాయిని తీసుకెళ్లాక, ఎంత లోతు వరకు తవ్వుకోవచ్చో రాసిమ్మని అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోకండి. కాంట్రాక్టరుతో రోజుకూలీ లెక్క ఉంటే ఈ మధ్యలో మార్చుకోండి, ఆగిన రోజుల డబ్బు మీ మీద పడకుండా.

మీ ఊళ్లో ఇది కొత్త కథ కాదు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టించేటప్పుడు దీపాలదిన్నె, అంటే ఆ స్తూపం ఉన్న దిబ్బ, తవ్వి ఆ రాళ్లను ఇళ్లకూ మెట్లకూ వాడేసుకున్నారు. ఆ సంగతి విని 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. తర్వాత మిగిలినవాటిలో కొన్ని లండన్‌కి, కొన్ని మద్రాసుకి వెళ్లిపోయాయి. మన తామరపువ్వులు చూడాలంటే ఎగ్మోర్ మ్యూజియానికి టికెట్టు కొనాల్సి వస్తోంది. మీ గుంటలో దొరికిన ముక్క ఊళ్లోనే, నడిచి వెళ్లి చూసేంత దూరంలో ఉంటే మంచిదే కదా.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. పోయినేడు ఒక పల్లెటూళ్లో పాత రాతి కాటేజ్ కొన్నాం, గ్రేడ్ టూ లిస్టెడ్, అంటే ప్రభుత్వ చారిత్రక భవనాల జాబితాలో ఉన్నది. వెనక వంటగది కప్పు కుంగిపోయింది. దాన్ని తీసేసి అద్దాల గది కట్టుకుందాం అనుకున్నాం. ఈలోపు తెలిసిందేమిటంటే కిటికీలకు ఉన్న ప్లాస్టిక్ ఫ్రేములు పాత ఓనర్ అనుమతి లేకుండా పెట్టించాడట. మా మీదికి వస్తుందా? ఇండియాలో అయితే ఎలాగోలా అయ్యేది అని అమ్మ అంటోంది.

జవాబు: అమ్మగారికి పై రెండు జవాబులూ చదివి వినిపించండి.

అక్కడి లెక్క మన లెక్కకు తిరగేసి ఉంటుంది. ఖిలా వరంగల్‌లో ఆ పాఠకుడి ఇంటికి ఏ చరిత్రా అంటగట్టలేదు, పక్కన కోట ఉంది కాబట్టి ఆంక్షలు. మీ విషయంలో జాబితాకెక్కింది మీ ఇల్లే. అదీ ముందు గోడ ఒక్కటే కాదు, లోపలి మెట్లు, పొయ్యి గూడు, తలుపులు, వెనక వంటగది, 1948 జులై 1కి ముందు నుంచీ ఆవరణలో ఉన్న కొట్టం, ప్రహరీ అన్నీ. ఇంగ్లండ్‌లో జాబితాలో ఉన్న భవనాల్లో పదింట తొమ్మిదికి పైగా గ్రేడ్ టూనే, కాబట్టి కిందిగ్రేడే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు, అనుమతి అన్నిటికీ కావాలి. అనుమతి లేకుండా మార్చడం అక్కడ నేరం, రెండేళ్ల దాకా జైలు ఉంది, జరిమానాకి పైన హద్దు లేదు.

కిటికీల సంగతి: చేసిన నేరం పాత ఓనర్‌ది, మీరు దానికి జైలుకెళ్లరు. కానీ సరిచేయమని కౌన్సిల్ ఇచ్చే నోటీసుకు కాలపరిమితి లేదు, అది ఇప్పుడు ఇల్లు ఎవరిదైతే వాళ్లకే వస్తుంది. కొనేటప్పుడు మీ కాగితాలు చూసిన లాయరు, అక్కడ సొలిసిటర్ అంటారు, దీన్ని అడగలేదా? అడిగి పాత ఓనర్ అబద్ధం రాసి ఉంటే ఆయన మీద దావాకు దారి ఉండొచ్చు, ఆ ఫైలు ఒకసారి తీయించండి. ఆ తర్వాత కౌన్సిల్‌లో పాత భవనాల సంగతి చూసే కన్సర్వేషన్ ఆఫీసర్ దగ్గరికి మీరే వెళ్లి, ఇలా ఉన్నాయి, చెక్క ఫ్రేములు పెట్టించాలనుకుంటున్నాం, వంటగది గురించి కూడా మాట్లాడాలి అని చెప్పడం నయం. కిటికీలు మంచిగా సరిచేస్తున్నారంటే వెనక మార్పుకు వాళ్లు వినే తీరు వేరుగా ఉంటుంది. చలికి భయపడేవాళ్లకు లోపలివైపు ఇంకో అద్దం బిగించుకునే పద్ధతి ఉంది, దాన్ని తేలిగ్గా ఒప్పుకుంటారు, అయినా అడిగే చేయండి.

వంటగది కప్పు కుంగింది కదా అని మాత్రం లాగేయకండి. మొదట ఏం మిగిలిందో, అది ఏ కాలం నాటిదో పాత ఇళ్లు తెలిసిన సర్వేయర్‌తో రాయించండి. అది తర్వాతి కాలంలో అతికించిన ముక్కే అని తేలితే అద్దాల గదికి అవకాశం బాగుంటుంది, ఇంటితోపాటు పుట్టిందైతే బాగుచేయమనే అంటారు. ఇంగ్లండ్‌లో ఈ అనుమతికి దరఖాస్తు రుసుము లేదు, ఖర్చంతా డ్రాయింగులకీ నిపుణులకీ.

కూల్చాక చూసుకుందాం అనుకున్నవాళ్ల కథ లండన్‌లోనే ఉంది. మైడా వేల్‌లో కార్ల్‌టన్ టావెర్న్ అని 1920ల నాటి పబ్. దాన్ని జాబితాలోకి ఎక్కించే ఆలోచన నడుస్తుండగానే 2015 ఏప్రిల్‌లో యజమానులు కూల్చేశారు. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఊరుకోలేదు, ఎలా ఉండేదో అలాగే ఇటుక ఇటుకా పేర్చి కట్టమంది. ముందుచూపుతో ఎవరో కొలతలూ ఫోటోలూ అచ్చులూ తీసి ఉంచడం వల్ల అది సాధ్యమైంది, 2021లో మళ్లీ తెరిచారు. మీ కాటేజ్ ఇప్పటికే జాబితాలో ఉంది, అంటే మీరు వాళ్లకంటే ఇరుకులో ఉన్నారు.

ఇన్సూరెన్స్ కాగితం కూడా చూసుకోండి. మామూలు ఇంటి లెక్కన తీసుకుని ఉంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు అదే రాయి, అదే సున్నం, అదే చెక్కతో కట్టే ఖర్చుకు అది చాలదు.

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీలో మా పూర్వీకుల దేవిడీ, పాతకాలపు పెద్ద భవంతి. హెరిటేజ్ జాబితాలో ఉండేది. 2015లో ఆ రూలే తీసేశారట. ఏడుగురం వాటాదారులం, బిల్డర్ అడ్వాన్స్ ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: అడ్వాన్స్ తీసుకోకండి, ఇప్పుడే కాదు.

1995లో జాబితాకు ఆధారమైన పదమూడో నిబంధనను 2015లో తొలగించిన మాట నిజమే. 2017లో తెలంగాణకు వారసత్వ సంపద చట్టం వేరుగా వచ్చింది. జాబితా పోయిందంటే ఎవరేం చేసినా చెల్లుతుందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. తర్వాత ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కడదామని ప్రభుత్వమే నిర్ణయిస్తే, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ప్రభుత్వానికే కుదరని పని మీ బిల్డరుకు కుదురుతుందని నేను రాసివ్వలేను. మీ దేవిడీ ప్రస్తుతం ఏ జాబితాలో, ఏ గ్రేడులో ఉందో జీహెచ్ఎంసీలోనూ హెరిటేజ్ శాఖలోనూ రాతపూర్వకంగా అడగండి. చార్మినార్‌కో ఇంకో కేంద్ర రక్షిత కట్టడానికో 300 మీటర్లలో ఉంటే మొదటి జవాబంతా మీకూ వర్తిస్తుంది.

వారసత్వ భవనాన్ని కాపాడుకునేవాళ్లకు అభివృద్ధి హక్కుల బదిలీ, టీడీఆర్ అంటారు, అది ఇచ్చే వీలుంది. ఇక్కడ కట్టుకోలేని మేరకు ఇచ్చే ఆ హక్కును వేరేచోట కట్టే బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఏడుగురికి డబ్బు కావాలంటే ముందు ఆ లెక్క వేయించండి. ఇంకో సంగతి, ఏడుగురిలో ఒక్కరు సంతకం పెట్టకపోయినా మీకు పురావస్తు చట్టం దాకా వెళ్లే అవసరమే రాదు, సివిల్ కోర్టులోనే ఆగిపోతారు. మొదట వాటాల పత్రం తేల్చుకుని, దాని నకలుతో మళ్లీ రాయండి.